పందుల్లో చీముగడ్డలు: ఎప్పుడు కోయాలి, ఏది ముట్టుకోకూడదు, ఎక్కడి నుంచి వస్తున్నాయి

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. దాదాపు 30 కిలోల పందుల్లో నాలుగైదింటికి చెవి వెనక, మెడ మీద గడ్డలు లేచాయి. ఒకదానికి దవడ కింద ఉంది. మూడు రోజులు పెనిసిలిన్ వేసినా కరగలేదు. తోక కొరికించుకున్న ఇంకో పంది ఇప్పుడు వెనక కాళ్లు ఈడుస్తోంది. గడ్డలు కోసేయవచ్చా, మందు మార్చాలా అని అడిగారు.

మందు మార్చినా ఆ గడ్డలు కరగవు. చీము పట్టి, చుట్టూ గోడ కట్టేసిన గడ్డకు అసలు వైద్యం చీము బయటికి పోయే దారి చేయడమే. ఇంజెక్షన్ కొన్ని సందర్భాల్లో దానికి తోడుగా పనికొస్తుంది. ఇక గడ్డ ఒంటి మీద ఎక్కడ లేచిందన్నది చాలా ముఖ్యం, ఎందుకంటే సూక్ష్మజీవి ఏ దారిన లోపలికి వెళ్లిందో ఆ చోటే చెబుతుంది. మెడ మీద ఒకేసారి నాలుగైదు పందులకు లేచాయంటే ముందు అనుమానించాల్సింది మీ సూదినే.

కత్తి పట్టేముందు అది చీముగడ్డేనా అన్నది తేల్చుకోండి. చీముగడ్డ మొదట వేడిగా, గట్టిగా ఉంటుంది, నొక్కితే పంది అరుస్తుంది. వారం పది రోజులకు మధ్యలో మెత్తబడుతుంది, ఆ చోట చర్మం పలచబడి వెంట్రుకలు రాలతాయి. మగ్గిన పండును నొక్కినట్టు వేలు కిందికి దిగుతుంది. చెవి రేకు ఒక్క రాత్రిలో ఉబ్బి సంచిలా వేలాడితే అది చీము కాదు, లోపల రక్తనాళం తెగి చేరిన రక్తం. దాన్ని వెంటనే కోస్తే రక్తం ఆగదు, పైగా శుభ్రంగా ఉన్న రక్తంలోకి మనమే సూక్ష్మజీవులను పంపినట్టవుతుంది. వదిలేస్తే చెవి ముడుచుకుపోయి నయమవుతుంది. అయితే ఆ పంది చెవులు ఎందుకు విదిలించుకుంటోందో చూడండి. చాలాసార్లు కారణం గజ్జి. ఐవర్‌మెక్టిన్ 1 శాతం మందు 33 కిలోలకు 1 మిల్లీలీటరు చొప్పున చర్మం కింద వేసి, 14 రోజులకు మళ్లీ వేస్తే విదిలింపు తగ్గుతుంది.

బొడ్డు దగ్గర, గజ్జల్లో, వృషణాల సంచి దగ్గర ఉన్న వాపును అసలు పొడవొద్దు. అది హెర్నియా కావచ్చు, లోపల పేగు ఉండవచ్చు. పందిని వెల్లకిలా పట్టుకుని నెమ్మదిగా నొక్కితే వాపు లోపలికి జారి, చర్మం కింద రంధ్రం అంచు వేలికి తగిలితే అది హెర్నియానే. కానీ లోపలికి జారనంత మాత్రాన హెర్నియా కాదని ధైర్యం చేయకండి. పేగు అతుక్కుపోయి ఉండవచ్చు, బొడ్డు చీము, హెర్నియా రెండూ కలిసి ఉండటం కూడా మామూలే. ఆ చోట వాపు ఏదైనా డాక్టరుకు వదిలేయాలి.

మరో పొరపాటు టీకా గడ్డతో జరుగుతుంది. నూనె కలిసిన టీకాలు వేసిన చోట గట్టి ముడి మిగలవచ్చు. వేడి ఉండదు, నొప్పి ఉండదు, మెత్తబడదు. దాంట్లో చీము లేదు కాబట్టి కోసి ప్రయోజనం లేదు.

అనుమానం ఉన్న గడ్డను, బొడ్డు, గజ్జలు, వృషణాల సంచి తప్ప మిగతా చోట్ల, సూదితో పరీక్షించవచ్చు. చర్మాన్ని సబ్బుతో కడిగి, అయోడిన్ రాసి, 16 గేజి కొత్త సూదితో 5 మిల్లీలీటర్ల సిరంజి పెట్టి లాగండి. చిక్కటి పసుపు లేదా ఆకుపచ్చ చీము వస్తే ఖాయమైనట్టే. రక్తం వస్తే సూది తీసేసి వదిలేయండి. ఏమీ రాకపోతే రెండు అర్థాలున్నాయి: ఇంకా పండలేదు, లేదా చీము సూదిలోకి ఎక్కనంత చిక్కగా ఉంది. నాలుగు రోజులు ఆగి మళ్లీ చూడండి.

పెనిసిలిన్ ఎందుకు పని చేయలేదో చెబుతాను, ఇది అర్థమైతే మందు మీద డబ్బు మిగులుతుంది. పందుల చీముగడ్డల్లో తరచుగా దొరికేది ట్రూపెరెల్లా పయోజెనిస్ అనే బాక్టీరియా. దాంతోపాటు రకరకాల స్ట్రెప్టోకాకస్‌లు, స్టాఫైలోకాకస్, చీము దుర్వాసన కొడితే గాలి లేనిచోట పెరిగే ఫ్యూసోబాక్టీరియం, బాక్టీరాయిడీస్ ఉంటాయి. వీటిలో మొదటిది ల్యాబులో పెనిసిలిన్‌కు చక్కగా చస్తుంది. ఒంట్లో చావదు. గడ్డ చుట్టూ పీచు గోడ ఉంటుంది, లోపలికి రక్తనాళాలు వెళ్లవు, రక్తం వెళ్లనిచోటికి మందు తగినంత చేరదు. చేరిన కొంచెం కూడా పని చేయదు, ఎందుకంటే పెనిసిలిన్ పెరుగుతున్న సూక్ష్మజీవినే చంపుతుంది, చీములో ఉన్నవి దాదాపు పెరగకుండా పడి ఉంటాయి. జెంటామైసిన్ లాంటి వేరే యాంటీబయాటిక్‌లు ఆమ్లం ఎక్కువగా, ప్రాణవాయువు తక్కువగా ఉండే చీములో ఇంకా బలహీనపడతాయి, పైగా మూత్రపిండాల్లో చాలాకాలం నిలుస్తాయి. అందుకే ల్యాబు రిపోర్టులో మందు పని చేస్తుందని ఉన్నా గడ్డ అలాగే ఉందంటే రిపోర్టు తప్పని కాదు.

ఇక కోయడం. గడ్డ పండాకే కోయాలి. పచ్చిగా ఉన్నప్పుడు కోస్తే గోడ సరిగా కట్టకముందే తెరిచినట్టవుతుంది, చీము పక్క కండల్లోకి పాకుతుంది. దవడ వెనక, గొంతు పక్కన లోతుగా ఉన్నదాన్ని, వెన్నెముక మీద, కీలు మీద ఉన్నదాన్ని మీరు కోయవద్దు. గొంతు పక్కన పెద్ద రక్తనాళాలు, లాలాజల గ్రంథి ఉంటాయి. చర్మానికి దగ్గరగా, పలచబడి, వేలికి మెత్తగా తగిలేవాటినే డాక్టరు దగ్గర ఒకసారి చూసి నేర్చుకున్నాక మీరు చేయవచ్చు.

పందిని దాని గదిలోంచి బయటికి తీసుకురండి. చీము ఆ నేల మీద పడకూడదు, తర్వాత మిగతావి ముట్టెతో అదే నేలను తడుముతాయి. పై దవడకు, కోరల వెనక తాడు ఉచ్చు వేసి ఒకరు పట్టుకోవాలి. గడ్డ చుట్టూ అరచేయంత మేర వెంట్రుకలు గీసి, సబ్బుతో కడిగి, పోవిడోన్ అయోడిన్ పూయండి. చర్మం మొద్దుబారడానికి 2 శాతం లిగ్నోకైన్‌ను కోత పడే గీత వెంట చర్మంలోనే ఇవ్వాలి. చీములోకి ఇస్తే పని చేయదు.

కోత ఎక్కడ పెట్టాలన్నదే మొత్తం పనిలో అసలైన విషయం. ఉబ్బు మధ్యలో చర్మం పలచగా ఉంది కదా అని అక్కడ పొడుస్తారు. పంది నిలబడితే ఆ రంధ్రం కింద సగం గడ్డ గిన్నెలా మిగులుతుంది, చీము అక్కడే నిలిచి వారంలో మళ్లీ ఉబ్బుతుంది. పంది నిలబడ్డప్పుడు గడ్డలో అన్నిటికన్నా కిందికి ఉండే చోట కోయాలి. కోత నిలువుగా ఉండాలి, కోడిగుడ్డంత గడ్డకు 2 నుంచి 3 సెంటీమీటర్లు. చిన్న రంధ్రం రెండో రోజుకే మూసుకుపోతుంది. 11 నంబరు సర్జికల్ బ్లేడును, పదును బయటివైపు ఉండేలా, ఒక్కసారిగా లోపలికి దించి బయటికి లాగండి.

చీము దానంతట అదే రానివ్వండి. రెండు చేతులతో పిండకండి. పిండితే గోడ లోపల చిట్లి సూక్ష్మజీవులు రక్తంలోకి వెళతాయి, కొన్నాళ్లకు ఊపిరితిత్తుల్లోనో, కీళ్లలోనో కొత్త గడ్డలు లేస్తాయి. గ్లౌజు వేసిన వేలితో లోపల అరలు ఉంటే నెమ్మదిగా విడదీయండి. తర్వాత సూది లేని 60 మిల్లీలీటర్ల సిరంజితో కడగాలి. లీటరు నీళ్లు మరిగించి చల్లార్చి 9 గ్రాముల ఉప్పు కలపండి, దాంట్లో 10 శాతం పోవిడోన్ అయోడిన్ 10 మిల్లీలీటర్లు పోస్తే 0.1 శాతం అవుతుంది. అంతకన్నా చిక్కగా పోస్తే కొత్తగా పుట్టే కండ కూడా కాలిపోతుంది. బయటికి వచ్చే నీరు తేటగా అయ్యేదాకా కడగండి, గుడ్డంత గడ్డకు అరలీటరు దాకా పడుతుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను చిన్న రంధ్రంలోంచి లోపలికి ఒత్తిడితో పంపకండి, నురగ రూపంలో పుట్టే వాయువు రక్తనాళాల్లోకి వెళితే పంది అక్కడికక్కడే పోవచ్చు.

కుట్లు వేయకూడదు. గాయం లోపలి నుంచి పూడుతూ పైకి రావాలి. రక్తం కారుతుంటే అయోడిన్‌లో తడిపిన గాజుగుడ్డ లోపల పెట్టి, కొస బయటికి వదిలి, మర్నాడు తీసేయండి. లోపల పెట్టి మరిచిపోయిన గుడ్డే కొత్త గడ్డకు కారణమవుతుంది కాబట్టి పెట్టినట్టు రాసుకోవాలి. రోజుకు ఒకసారి చొప్పున నాలుగైదు రోజులు కడుగుతూ, కోత మూసుకుంటుంటే వేలితో తెరవండి. పందిని పొడిగా, విడిగా ఉంచండి, ఎందుకంటే తోటి పందులు గాయాన్ని కొరుకుతాయి. ఈగల కాలమైతే గాయం చుట్టూ ఈగలను ఆపే మందు పూయకపోతే పురుగులు పడతాయి. తీసిన చీమును, గుడ్డలను సంచిలో కట్టి కాల్చేయండి, లేదా సున్నం చల్లి లోతుగా పూడ్చండి. నొప్పికి డాక్టరు మెలోక్సికామ్ రాస్తారు, కిలోకు 0.4 మిల్లీగ్రాములు. నొప్పి తగ్గిన పంది అదే రోజు మేత దగ్గరికి వస్తుంది, దీన్ని అనవసర ఖర్చని వదిలేయకండి.

యాంటీబయాటిక్ ఎప్పుడు కావాలి? వాపు ఇంకా పచ్చిగా, వేడిగా పాకుతున్నప్పుడు. జ్వరం 40 డిగ్రీల సెల్సియస్ దాటినప్పుడు. మేత మానేసినప్పుడు. ఒకే పందికి చాలా చోట్ల లేచినప్పుడు, కీళ్లు వాచినప్పుడు, తోక కొరుకుడు పడినప్పుడు. మామూలుగా ప్రొకైన్ పెనిసిలిన్ కిలోకు 15,000 యూనిట్లు, రోజుకోసారి, 3 నుంచి 5 రోజులు. మిల్లీలీటరుకు 3,00,000 యూనిట్ల మందయితే 30 కిలోల పందికి 1.5 మిల్లీలీటర్లు. ఏది, ఎన్నాళ్లన్నది మీ డాక్టరు నిర్ణయం. ఈ మందులో ఉండే ప్రొకైన్ వల్ల కొన్ని పందులు వణుకుతాయి, వాంతి చేసుకుంటాయి, చూడి పందులకు గర్భం పోవచ్చు, ఆ సంగతి ముందే డాక్టరుతో మాట్లాడండి. పంది తేరుకున్నట్టు కనిపించగానే రెండో రోజే ఆపేయడం మాత్రం వద్దు.

ఇప్పుడు సూది సంగతి, మీ మందకు ఇదే ముఖ్యం. టీకా వేసిన తేదీ చూసుకోండి. గడ్డలు ఆ తర్వాత రెండు నుంచి నాలుగు వారాల్లో, ఇంజెక్షన్ వేసిన వైపే లేచాయంటే వేరే కారణం వెతకక్కర్లేదు. ఒకే సూదితో గదంతా పొడిస్తే మొన వంగుతుంది, గరుకైన మొన చర్మం మీది మురికిని కండలోకి మోస్తుంది. పాలు మరిచిన పిల్లలకు పదింటికి ఒక సూది, పాలపిల్లలకు ఒక కాన్పు పిల్లలన్నిటికీ ఒక సూది, పెద్ద పందులకు ఒక్కోదానికి ఒకటి మార్చాలి. పొడిచిన సూదిని మందు సీసాలోకి మళ్లీ గుచ్చారంటే ఆ సీసాలోంచి తర్వాత తీసే ప్రతి మోతాదూ అనుమానాస్పదమే. సీసా మూతలో ఒక శుభ్రమైన సూదిని గుచ్చి ఉంచి, సిరంజిని దానికి తగిలించి మందు తీసుకోవాలి. ఆ పూట పని అయిపోగానే ఆ సూదిని తీసేయండి.

సూది పొడవు కూడా అంతే ముఖ్యం. చిన్నది వాడితే మందు కండలోకి కాక కొవ్వులో పడుతుంది. కొవ్వులో రక్తప్రసరణ తక్కువ, మందు పీల్చుకోదు, చేరిన మురికిని ఒళ్లు శుభ్రం చేసుకోలేదు. పాలపిల్లలకు 20 గేజి అరంగుళం, 30 కిలోల వాటికి 18 గేజి, ముప్పావు నుంచి అంగుళం, ఎదిగిన ఆడ పందులకు 16 గేజి అంగుళంన్నర. చోటు చెవి మొదలుకు రెండు మూడు వేళ్లు వెనక, భుజం వైపు వదులు చర్మం మొదలయ్యేలోపు. ఒక చోట పాలపిల్లకు 1 మిల్లీలీటరు, 30 కిలోలదానికి 5, పెద్ద పందికి 10కి మించి పోయకండి. తొడలో వేయడం మానుకోండి, అక్కడ నరం దెబ్బతింటే కాలు పడిపోతుంది. తడిసి పేడ అంటిన చర్మం మీద పొడవడం అన్నిటికన్నా చెడ్డది, ముందు తుడవాలి. సూది లోపల విరిగితే ఆ పందికి చెరగని గుర్తు వేసి, కబేళాకు రాసి చెప్పాలి.

దవడ కింద గడ్డ వేరే కథ. స్ట్రెప్టోకాకస్ పోర్సినస్ అనే బాక్టీరియా నోటిగుండా మేతతో, నీళ్లతో వెళ్లి టాన్సిళ్లలో చేరి, అక్కడి నుంచి గొంతు గ్రంథుల్లో చీము పట్టిస్తుంది. గడ్డ పగిలి ఆ చీము మేత తొట్టిలో పడితే మిగతావాటికి అంటుతుంది. నయమైన పంది కూడా టాన్సిళ్లలో దాన్ని మోస్తూ ఉండవచ్చు, అందుకే దాన్ని ఈడు తక్కువ పిల్లలతో కలపకండి. మేతలో, పరుపు పొట్టులో నోటిని గుచ్చే ముళ్లు, తీగలు లేకుండా చూడండి. అదే చోట గడ్డలో తడి చీము బదులు పొడిపొడిగా, గట్టిగా పసుపు పదార్థం కనిపిస్తే కోయడం ఆపి డాక్టరుకు చూపించండి. పక్షుల నుంచి, రంపపు పొట్టు నుంచి వచ్చే మైకోబాక్టీరియా గ్రంథుల్లో అలాంటి ముద్దలు కట్టిస్తుంది, దానికి మందులు వేసి లాభం లేదు.

కాళ్లు ఈడుస్తున్న పంది విషయంలో నన్ను క్షమించండి, మంచి మాట చెప్పలేను. తోక గాయం నుంచి సూక్ష్మజీవి రక్తం ద్వారా వెన్నుపూసల్లోకి వెళ్లి, అక్కడ చీము పట్టి వెన్నుపామును నొక్కుతుంది. అదే దారిన ఊపిరితిత్తుల్లోనూ గడ్డలు లేస్తాయి. కాళ్లు పడిపోయాక ఏ మందూ దాన్ని లేపదు. లేవలేక, నీళ్ల దగ్గరికి పోలేక రోజులు గడపనివ్వకుండా, డాక్టరును పిలిచి నొప్పి లేకుండా ప్రాణం తీయించడమే దానికి చేయగల మేలు. మిగతావాటిని కాపాడుకునే అవకాశం మాత్రం మీ చేతిలో ఉంది: తోక మీద రక్తం కనిపించిన రోజే ఆ పందిని వేరు చేసి, అయోడిన్ కొట్టి, డాక్టరు సలహాతో పెనిసిలిన్ పూర్తి వరస ఇవ్వాలి. కొరికే పందిని కూడా బయటికి తీయాలి. తర్వాత కారణం వెతకండి: గది ఇరుకు, తొట్టి దగ్గర చోటు చాలకపోవడం, నీటి పంపు ధార తగ్గడం, రాత్రి చల్లగాలి నేరుగా తగలడం, మేతలో ఉప్పు తగ్గడం. గదిలో గడ్డి, నమలడానికి తాడు వేయడం ఖర్చు తక్కువ పని, ముట్టెకు పని దొరికితే తోకల జోలికి పోవడం తగ్గుతుంది.

పాలపిల్లల్లో మొదటి మూడు వారాల్లో కీళ్లు వాచి కుంటితే దారులు బొడ్డు, పళ్లు కత్తిరించిన చిగుళ్లు, గరుకు నేల మీద గీసుకుపోయిన మోకాళ్లు, విత్తులు తీసిన గాయం. పుట్టగానే బొడ్డును అయోడిన్‌లో ముంచడం, మొదటి ఆరు గంటల్లో ముర్రుపాలు తాగించడం, పళ్లు చిగుళ్లకు తగలకుండా సమంగా గీయడం వల్ల చాలా భాగం తగ్గుతుంది. కీలు వాచిన తొలిరోజే మందు మొదలుపెడితే నిలుస్తుంది, వారం ఆగితే కీలు పాడవుతుంది. పెద్ద పందుల్లో గిట్ట వాపు తడి, గరుకు కాంక్రీటు వల్ల వస్తుంది. అక్కడ చీము లోపలే పాకుతుంది కాబట్టి కోతకన్నా తొందరగా డాక్టరు రాసిన లింకోమైసిన్ అనే యాంటీబయాటిక్, పొడి నేల మేలు.

మాంసానికి పంపే ముందు సీసా మీద రాసిన ఆగాల్సిన రోజులు లెక్కించండి, మోతాదు పెంచితే ఆ రోజులు కూడా పెరుగుతాయి. ఆరోగ్యంగా ఉన్న పందిలో ఒక్క గడ్డ ఉంటే కబేళాలో ఆ భాగం కోసి తీసేస్తారు. లోపల చాలాచోట్ల ఉంటే శవం మొత్తం పారేస్తారు. కారుతున్న గాయంతో పందిని బండి ఎక్కించకండి. చాలా పందులు ఒకేసారి తీవ్రమైన జ్వరంతో పడి, చర్మం ఎర్రగా, ఊదాగా మారి చస్తుంటే అది చీముగడ్డల బాపతు కాదు, స్వైన్ ఫీవర్ (పందులకు వచ్చే ప్రాణాంతక వైరస్ జ్వరం) కావచ్చు, పందులను కదల్చకుండా వెంటనే పశువైద్యశాఖకు చెప్పాలి.

గడ్డలు తిరగబెడుతుంటే ల్యాబుకు నమూనా పంపండి. తెరవని గడ్డలోంచి, మధ్యలో కాక గోడకు దగ్గరగా సూదితో తీయాలి, మధ్య చీములో బతికిన సూక్ష్మజీవి ఉండకపోవచ్చు. సిరంజి మూత పెట్టి చల్లగా, అదే రోజు పంపాలి, ముందు ఏ మందు వాడారో రాయాలి.

చివరగా మీ సంగతి. పందుల్లో ఉండే స్ట్రెప్టోకాకస్ సూయిస్ అనే బాక్టీరియా మనిషికి సోకుతుంది, మెదడు పొరల వాపు తెస్తుంది, బతికినవాళ్లలో వినికిడి పోవడం చాలా కనిపిస్తుంది. మనుషుల్లో మొదటి కేసులు 1968లో డెన్మార్క్‌లో నమోదయ్యాయి, 2005లో చైనాలోని సిచువాన్‌లో పెద్ద ఎత్తున వచ్చింది. చేతి మీద చిన్న గాటు ఉన్నా గ్లౌజులు లేకుండా చీమును, పచ్చి మాంసాన్ని ముట్టుకోకండి, కడిగేటప్పుడు కళ్లకు అద్దాలు పెట్టుకోండి. నూనె టీకా పొరపాటున మీ వేలిలోకి వెళితే, నొప్పి లేకపోయినా, టీకా సీసా చేతిలో పట్టుకుని అదే గంటలో ఆసుపత్రికి వెళ్లండి, నూనె వేలిలో రక్తప్రసరణను ఆపేస్తుంది. పందులతో పని చేశాక జ్వరం, తలనొప్పి, మెడ బిగుసుకుపోవడం, చెవిలో హోరు వస్తే డాక్టరుకు పందులతో పని చేస్తున్నానని ముందే చెప్పండి.